సీలు చెదరని కవరు

"డబ్బు దొరక్కపోయినా ఫరవాలేదు సార్. నేను తీయలేదని మా అన్నయ్య నోటితో అనిపించండి, చాలు."

ఆ మాట అన్నాక గానీ ఆమె కుర్చీలో కూర్చోలేదు. అంతవరకూ ఎంత చెప్పినా వినకుండా, బట్టలు కుక్కిన చేతిసంచీ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. ముప్ఫై దాటిన మనిషి. పొద్దున్న ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఆ ఆఫీసు ఇస్త్రీ దుకాణం పైన ఒకే ఒక్క గది. కింద ఆవిరి బుసకొట్టినప్పుడల్లా పైన కిటికీ అద్దం మసకబారుతుంది. అందులో కూర్చునే డిటెక్టివుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, అందరూ నిదానంగారనే అంటారు. నెత్తిన పిడుగు పడిందని పరుగెత్తుకొచ్చినా ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట "నిదానం". ఆయన అసిస్టెంటు పూర్వం టైపిస్టు. టైపు మిషన్లతో పాటు ఉద్యోగమూ పోయాక ఇక్కడ చేరాడు. గురువుగారంటే చెవి కోసుకుంటాడు. క్లయింటు కాఫీ తాగడం పూర్తయ్యేలోగా దొంగెవరో తేల్చేయడం అతని అలవాటు. ఇంతవరకూ ఒక్కసారీ కుదరలేదు, అయినా మానలేదు.

"నిదానం అమ్మా. మొదటినించీ చెప్పు" అన్నాడు డిటెక్టివు.

ఆమె చెప్పింది. అన్నయ్యకి రిపేరు కొట్టుంది. ఫోన్లు, కెమెరాలు, వాచీలు బాగుచేస్తాడు. కౌంటర్లో కూర్చుని బిల్లులు వేసేది, బాగైన వస్తువుని కవర్లో పెట్టి సీలు వేసేది ఈమె. ఆ కొట్టు గది అద్దెది. యజమాని ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతాడు, అప్పుడు మనమే కొనుక్కుందామని అన్నాచెల్లెళ్ళిద్దరూ కూడబెట్టిందంతా క్రిప్టో కాయిన్లలో పెట్టారు. మొన్న యజమాని అమ్ముతానన్నాడు. అన్నయ్య యాప్ తెరిచి చూస్తే సున్నా ఉంది.

"కాయిన్లు ఎక్కడ దాచారు?"

"హార్డ్‌వేర్ వాలెట్ అంటారు సార్. పెన్‌డ్రైవంత ఉంటుంది. చిన్న తెర, రెండు మీటలు. దాని యాప్ అన్నయ్య ఫోన్లో ఉంటుంది. యాప్‌లో ఎంతుందో కనపడుతుంది గానీ, పైసా కదలాలన్నా పిన్ కొట్టి, ఆ వస్తువు మీద మీట నొక్కాల్సిందే."

"పిన్ ఎవరికి తెలుసు?"

"అన్నయ్యకొక్కడికే. వేరేవాళ్ళు తప్పు పిన్ మళ్ళీ మళ్ళీ కొడితే అందులో ఉన్నదంతా దానంతటదే చెరిగిపోతుందట. అన్నయ్య పిన్ కొడితే ఇప్పటికీ మామూలుగానే తెరుచుకుంటోంది."

"మరి నీ మీద అనుమానం ఎలా వచ్చింది?"

"మాటల వల్ల సార్. మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఆ వస్తువు తన తెర మీద ఇరవై నాలుగు మాటలు చూపిస్తుంది. అవి రాసుకోవాలి. రేపు అది పాడైతే ఇంకొకటి కొని ఆ మాటలు వరసగా ఎక్కిస్తే అంతా తిరిగొస్తుంది. అంటే ఆ మాటలు ఎవరి చేతిలో పడితే కాయిన్లు వాళ్ళవే. అన్నయ్య వాటిని రాసి, కవర్లో పెట్టి, సీలు వేసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవులు రెండే. ఒకటి అన్నయ్య దగ్గర, ఒకటి నా దగ్గర."

"సీలు ఎవరన్నా తీశారా?"

"లేదు. చెక్కుచెదరలేదు. అదే నా కొంప ముంచింది. 'సీలు తీసి మళ్ళీ అతుకు తెలీకుండా వేయడం ఈ ఇంట్లో ఇంకెవరికి చేతనవుతుంది' అంది వదిన." ఆమె సంచీ పిడిని మెలిపెట్టింది. "వదిన అన్నందుకు కాదు సార్. అన్నయ్య అక్కడే ఉండి కూడా కిమ్మనలేదు. అందుకే వచ్చేశాను. స్నేహితురాలింట్లో ఉంటున్నాను."

డిటెక్టివు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "అన్నయ్య ఆ మాటలు దేని మీద రాశాడమ్మా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసిందామె. "పెట్టెలోనే కార్డు ఇస్తారుగా, గళ్ళు గీసి నంబర్లు వేసి. దాని మీదే."

"నువ్వు చూశావా?"

"ఖాళీ కార్డు చూశాను. ఆ సాయంత్రం నన్ను ముందే ఇంటికి పంపేసి, షట్టరు దించుకుని రాసుకున్నాడు."

ఆమె మెట్లు దిగడం ఆలస్యం, టైపిస్టు ముందుకు వంగాడు. "వదినే గురువుగారూ! కొట్టొచ్చినట్టు కనపడట్లా? రెండో తాళంచెవి మీద నింద వేసిందంటే మొదటి తాళంచెవి ఆవిడ కొంగునుంటుంది."

"నిదానం" అన్నాడు డిటెక్టివు. "ముందు కొట్టు చూద్దాం."

కొట్టు ఇరుకైనా పొందిగ్గా ఉంది. పనిబల్ల మీద రబ్బరు చాప, దాని మీద మరలకు గళ్ళున్న పళ్ళెం, వరసగా పట్టకార్లు. బల్ల దీపం మెడకి చిన్న కెమెరా ఒకటి కట్టి ఉంది. కౌంటరు మీద అట్ట: 'మీ వస్తువుకి మేం ఏం చేశామో మీరే చూసుకోండి. రిపేరు వీడియో బిల్లుతో పాటు మీ ఫోనుకి.' తమ పార్టు మార్చేశారని పోట్లాడేవాళ్ళ నోరు మూయించడానికి పెట్టిన పద్ధతి అది.

ఆమె అన్నయ్య, ఆ కొట్టు మెకానిక్, నిద్రలేని మొహంతో వాచీ ఒకటి చాప మీద పెట్టి, కాలితో మీట నొక్కి పనిలో దిగాడు. కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది. డిటెక్టివు అడిగినప్పుడల్లా పని ఆపి జవాబు చెబుతున్నాడు. మధ్యలో వాచీని పక్కకి జరిపి కాఫీ కూడా తాగాడు. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

"నేను చేయని జాగ్రత్త లేదండీ" అన్నాడతను. "నేరుగా తయారుచేసిన కంపెనీ దగ్గరే కొన్నాను. ముందే మాటలు రాసిపెట్టి ఉన్న పెట్టె ఎవరన్నా అమ్మితే ముట్టుకోవద్దన్నారు, అందుకని దానిచేతే కొత్తగా మాటలు పుట్టించాను. ఫోటో తీయొద్దన్నారు, తీయలేదు. ఫోన్లోగానీ కంప్యూటర్లోగానీ కొట్టొద్దన్నారు, కొట్టలేదు. అన్నీ మాస్టారు చెప్పినట్టే, తు.చ. తప్పకుండా."

"ఏ మాస్టారు?"

"లెక్కల మాస్టారండీ. పిల్లలకి ట్యూషన్లు చెబుతారు. నాకీ కాయిన్ల సంగతి నేర్పింది ఆయనే. అందరూ కాయిన్ల మాస్టారంటారు."

"ఆ కవరు ఒకసారి చూపిస్తారా?"

మెకానిక్ సొరుగు తీశాడు. డబ్బు పోయిన రోజున తనే సీలు చించి చూశాడట. మాటలన్నీ ఉన్నాయి. కవరు లోపలినించి తీసింది గళ్ళ కార్డు కాదు, నీలం చారలున్న గట్టి అట్టముక్క. తెల్లటి వెనకవైపు పెన్సిలుతో మాటలు.

"ఇదేమిటి?"

"కార్డు మీద రాయబోతే చెయ్యి తగిలి క్లీనింగు స్పిరిట్ ఒలికిందండీ. కార్డు నానిపోయింది. చేతికి ఫోను తెర వచ్చిన డబ్బా దొరికితే మూత చించి దానిమీద రాశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పనా?"

"డబ్బు పోయాక ఎవరికన్నా చూపించారా?"

"లేదు. తీశాను, చూశాను, మళ్ళీ పెట్టేశాను. మాస్టారికి ఫోన్లో చెప్పి ఏడ్చానంతే. కాయిన్లు పోయాయన్నాను, ఇంకేం చెప్పే ఓపిక లేదు."

"రాసేటప్పుడు బల్ల మీద ఇంకేమన్నా ఉందా?"

మెకానిక్ గుర్తుచేసుకున్నాడు. "మాస్టారి పాత కెమెరా. వెనకమూత తీసి సగం పనిలో ఉంది. దాన్ని పక్కకి జరిపి రాసుకుని, తర్వాత అదీ పూర్తిచేశాను."

ఇంతలో వాచీ ఆడింది. ఆడబడుచు లేకపోవడంతో కౌంటర్లో కూర్చున్న వదిన అలవాటులేని వేళ్ళతో బిల్లు కొట్టింది. వాచీ కోసం కాచుకుని ఉన్న ఖాతాదారు జేబులో ఫోను టింగుమంది. "వీడియో వచ్చిందమ్మా" అని అతను వెళ్ళిపోయాడు.

వదిన డిటెక్టివు అడగకముందే ఒంటికాలి మీద లేచింది. "నేనే రాక్షసిని అనుకుంటున్నారు కదూ? ఏళ్ళ కష్టం పోయింది. తాళంచెవి ఉన్నవాళ్ళని అనక గోడల్ని అనమంటారా?" అంతలోనే గొంతు తగ్గింది. "ఆ పిల్ల వెళ్ళినప్పటినించీ ఈయన అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నారు. అనకుండా ఉండాల్సింది. అన్నాను. ఇప్పుడేం చేయను?"

టైపిస్టు అనుమానం ఆ గొంతు విన్నాక కాస్త నీరుగారింది.

కాయిన్ల మాస్టారి గదిలో నల్లబల్ల, నాలుగు బెంచీలు, మేజా మీద దిద్దాల్సిన కాగితాలు ఉన్నాయి. కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టిన వస్తువుని చూసి డిటెక్టివు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. అదీ హార్డ్‌వేర్ వాలెట్టే. దాని తెర మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముంది. అలమారలో పాత కెమెరా కనపడింది.

"బాగా పనిచేస్తోందా?" అని అడిగాడు డిటెక్టివు.

"మొన్నీమధ్య మళ్ళీ మొరాయించిందండీ. నేనే చూసుకుని సరిచేసుకున్నాను." మాస్టారు పలచటి మనిషి, గొంతు మాత్రం బెంచీ చివరివాడికి కూడా వినపడుతుంది. "పాపం, బంగారంలాంటి మనిషి. అయితే ఒకటండీ. వస్తువుని కాదు, మాటల్ని కాపాడుకోవాలి. నేను వందమందికి చెప్పాను. ఉక్కురేకు మీద చెక్కించుకో, నిప్పుకీ నీటికీ చెదరదు, రెండుచోట్ల దాచుకో అని మొత్తుకున్నాను. డబ్బా మూత చించి దానిమీద గీకి సొరుగులో పడేస్తే ఏమవుతుంది? ఇంట్లోవాళ్ళ బుద్ధి ఎప్పుడెలా ఉంటుందో ఎవరు చెప్పగలరు?"

"నిజమే" అన్నాడు డిటెక్టివు. "మీరు మాత్రం మీ కాయిన్లు భద్రంగా దాచుకున్నారు."

మాస్టారు కాగితాలు సర్దాడు. "ఆ... ఉన్నాయి. ఏదో ఉన్నంతలో."

వీధిలోకి వచ్చాక టైపిస్టు మురిసిపోయాడు. "ఏం పట్టు గురువుగారూ ఆయనకి! ఒక్క క్లాసుకే నాకు సగం వచ్చేసింది."

"పట్టుంది. దాని మీద దుమ్ము కూడా ఉంది" అన్నాడు డిటెక్టివు. "మెకానిక్‌తో చెప్పి కొత్త వాలెట్ ఒకటి తెప్పించండి. అది వచ్చిన రోజు అందరినీ కొట్టుకి పిలుద్దాం."

ఆ మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి ఉంది. మెకానిక్ తన స్టూలు మీద, వదిన కౌంటరు వెనక, మాస్టారు ఖాతాదారుల కుర్చీలో కూర్చున్నారు. చెల్లెలు చేతిసంచీతో సహా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కూర్చోమని అన్నయ్య అనలేకపోయాడు, ఆమె కూర్చోనూ లేదు.

"నిదానంగా వెళ్దాం" అని మొదలుపెట్టాడు డిటెక్టివు. "కాయిన్లు తీయడానికి దారులు రెండే. ఒకటి, ఆ వస్తువు, దాని పిన్. పిన్ ఈయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఊహించి కొట్టి ఉంటే అది ఈపాటికి ఖాళీ డొల్ల అయ్యేది. కాబట్టి ఆ దారి మూసేయండి. మిగిలింది మాటలు. మాటలు కవర్లో ఉన్నాయి. కవరు తీసి మళ్ళీ సీలు వేయగలిగింది ఈ అమ్మాయి ఒక్కతే. అందుకని ఈమె దొంగ. ఇంతేగా మీ లెక్క?"

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు.

"అమ్మా, మాటలు దేనిమీద రాశాడని నాతో చెప్పావు?"

"పెట్టెలో వచ్చిన కార్డు మీద" అంది చెల్లెలు.

డిటెక్టివు కవర్లోంచి నీలం చారల అట్టముక్క తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. చెల్లెలు నోరు తెరుచుకుని చూసింది. వదిన కౌంటరు మీదికి వంగింది.

"ఈ కవరు తెరిచినవాళ్ళకి లోపల కార్డు లేదని తెలిసి తీరాలి. ఈ అమ్మాయికి తెలీదు. తెలియనట్టు నటించిందనుకుందాం. కానీ నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో ఆ రోజు నాకే సరిగ్గా తెలీదు, ఇక ఆమెకేం తెలుస్తుంది? ఇంట్లో వదినగారికీ తెలీదు, ఇప్పుడే చూశారు. మెకానిక్‌గారు ఎవరికీ చెప్పలేదు, చూపించలేదు. మరి నాతో 'డబ్బా మూత చించి దానిమీద గీకి సొరుగులో పడేస్తే' అన్నది ఎవరు? టైపిస్టుగారూ, మీరు విన్నారుగా?"

టైపిస్టు కళ్ళు పెద్దవి చేశాడు. విన్నాడు. పక్కనే కూర్చుని తలూపుతూ మరీ విన్నాడు. అతని చూపు మెల్లగా మాస్టారి వైపు తిరిగింది.

మాస్టారు నవ్వబోయాడు. "బాగుందండీ. నాకా సొరుగు ఎక్కడుందో కూడా తెలీదు. కవరు నేనెలా..."

"మీరు కవరు ముట్టుకోలేదు మాస్టారూ. మీకా అవసరం రాలేదు. మీ ఇంటికే వచ్చింది." డిటెక్టివు బల్ల దీపం మెడ పట్టుకుని కెమెరాని కాస్త వంచాడు. "ఈ కొట్లో పని మొదలుపెట్టినప్పుడు మీట నొక్కితే ఇది వెలుగుతుంది. బిల్లు వేసేదాకా ఆరదు. బిల్లు పడగానే వీడియో ఖాతాదారుడి ఫోనుకి దానంతటదే వెళ్ళిపోతుంది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. కళ్ళముందున్న ముక్కు మనకి కనపడనట్టే, మెకానిక్‌గారికి ఇది కనపడటం ఎప్పుడో మానేసింది. ఆ సాయంత్రం చాప మీద ఎవరి వస్తువు సగం పనిలో ఉంది?"

మెకానిక్ స్టూలు కంప్యూటరు వైపు జరుపుకున్నాడు. దాన్ని తెరిచి, పాత వీడియోల్లో వెతికి, ఒకటి నొక్కాడు.

తెర మీద రబ్బరు చాప కనపడింది. రెండు చేతులు పాత కెమెరా వెనకమూత విప్పి, దాన్ని పక్కకి జరిపాయి. చిన్న వాలెట్ వచ్చింది. స్పిరిట్ ఒలికింది, చేతులు గాభరాగా తుడిచాయి. డబ్బా వచ్చింది, మూత చిరిగింది. తర్వాత పెన్సిలు ఒక్కొక్క మాటే పొందిగ్గా రాసుకుంటూ పోయింది. ప్రతి అక్షరమూ కళ్ళకు కట్టినట్టుంది, ఎందుకంటే మరల మీద గీతలు కూడా కనపడాలని ఏరి కొన్న కెమెరా అది.

"ఫోటో తీయొద్దన్నారు" అన్నాడు మెకానిక్. "తీయలేదనుకున్నాను."

"మొన్నీమధ్య ఈయన కెమెరా మళ్ళీ మొరాయించింది" అన్నాడు డిటెక్టివు. "ఏ పార్టు ఎలా విప్పారో చూసుకుందామని పాత వీడియో తెరిచారు. కెమెరా బాగైంది. దానితో పాటు ఇంకోటీ దొరికింది. వాలెట్‌తో ఆడుకోవడం తెలిసిన మనిషి, ఆయన వాలెట్ మాత్రం కాగితాల మీద బరువుగా పడి ఉంది. కాయిన్లున్నవాడు దాన్నలా వదలడు."

మాస్టారి గొంతు ఆ ఇరుకు కొట్లో కూడా వినపడనంత చిన్నదైపోయింది. "నావి పోయాయి. కంపెనీ యాప్ లాగే ఉంది, అదే బొమ్మ, అదే రంగు. భద్రత కోసం మీ మాటలు మళ్ళీ ఎక్కించమంది. ఎక్కించాను. వందమందికి వద్దని చెప్పిన పని నేనే చేశాను. ఎవరితో చెప్పుకోను? కాయిన్ల మాస్టారు కాయిన్లు పోగొట్టుకున్నాడని నవ్వరూ?" ఆయన తల ఎత్తలేదు. "ధర పెరిగాక లాభం మాత్రం ఉంచుకుని, మిగతాది మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. ముట్టుకోలేదు. అన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి."

"మీరు పెట్టేలోగా ఈ అమ్మాయి ఎక్కడ ఉండాలి మాస్టారూ?" అన్నాడు డిటెక్టివు. గొంతు పెంచలేదు.

అన్నీ తిరిగి పంపేస్తానని ఆయన ఫోను తీశాడు. డిటెక్టివు ఆపాడు. "పాతదానిలోకి వద్దు. ఆ మాటలు ఇక మూసిన గుప్పిట కాదు. కొత్తదానిలో కొత్త మాటలు పుట్టాక, కాయిన్లు చేరాల్సిన దాని అడ్రసు వాలెట్ తెర మీద అక్షరం అక్షరం సరిచూసుకుని పంపండి. యాప్ చూపించింది కదా అని నమ్మొద్దు. అంతదాకా బయట కూర్చోండి. పోలీసుల సంగతి వీళ్ళు తేల్చుకుంటారు." టైపిస్టు మాస్టారి వెంట షట్టరు కిందనించి దూరి, బెంచీ మీద ఆయన పక్కనే, ఎక్కడికీ కదలనివ్వనంత దగ్గరగా కూర్చున్నాడు.

వదిన వచ్చి ఆడబడుచు చేతిలోని సంచీ పట్టుకుంది. చెల్లెలు వదల్లేదు. తర్వాత సంచీ వదిన చేతిలోకి వెళ్ళింది.

మెకానిక్ లేచాడు. "నువ్వు తీయలేదు" అన్నాడు. "నాకు తెలుసు."

"ఇప్పుడు తెలుసు" అంది చెల్లెలు.

అతను తల దించుకున్నాడు. సొరుగులోంచి కొత్త పెట్టె తీసి, సీలు విప్పకుండానే ఆమె చేతిలో పెట్టాడు. "అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. నీ మీద నమ్మకం లేక కాదు. డబ్బు పోయిందన్న భయంలో నువ్వు గుర్తురాలేదు. ఈసారి మాటలు నువ్వు రాయి. నీ దగ్గరే ఉంచు. నాకు చెప్పొద్దు."

ఆమె పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏం అనుకుందో, స్టూలు లాక్కుని ఎక్కి, వాచీలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి దీపం మీది కెమెరాకి రెండు చుట్లు చుట్టి ముడేసింది. వదిన ఎవరూ చెప్పకుండానే సంచీతో బయటికి నడిచింది. డిటెక్టివు టోపీ అందుకుని ఆమె వెనకే వంగి బయటపడ్డాడు.

చెల్లెలు గళ్ళ కార్డు తీసి చాప మీద సర్దుకుంది. స్పిరిట్ సీసాకి మూత బిగించి దూరంగా పెట్టింది. పెన్సిలు చెక్కింది. అన్నయ్య ఇంకా పక్కనే నిలబడి ఉన్నాడు.

"నువ్వు కూడా అటు తిరుగు, అన్నయ్యా."

అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.